మరియమ్మ పది నిమిషాలు

దోనేపూడి మరియమ్మకు అన్యాయం జరిగింది 2014 జూన్ 9, సోమవారం నాడు. కాగితం అలా చెబుతుంది. ఆ రోజు మా పట్టణంలోని సమాజసేవ శిక్షణ కేంద్రం నుంచి బయటికి పోయిన జాబితాలో ఆమె మనవరాలు కెజియా పేరు మీద ఎర్ర గీత ఉంది. గీత పక్కన మూడే మాటలు: 'సంరక్షకురాలు సహకరించడం లేదు.' కెజియాకి పదకొండేళ్లు. మూడో తరగతిలో బడి మానేసింది. అలాంటి ఆడపిల్లల్ని హాస్టల్లో ఉంచుకుని, ఏడాదిలో మళ్లీ తోటివాళ్ల తరగతికి చేర్చే బడి ఒకటి ఆ వేసవిలో తెరిచారు. మా పట్టణానికి పన్నెండు సీట్లు వచ్చాయి. పన్నెండో సీటు కెజియాది. జూన్ 20 సాయంత్రంలోగా ఆ గీత చెరగకపోతే ఆ సీటు పోతుంది. మళ్లీ ఏడాదికి ఆ పిల్ల చీపురు పట్టుకుని అమ్మమ్మ వెనకాల రోడ్డు మీద ఉంటుంది. పోయిన సీటుకి ఎవరూ ఏడవరు. కాగితం మీద గీత సవ్యంగానే ఉంది మరి.

ఆ మూడు మాటలు రాసింది హైమవతి, ఆ ఏడాది శిక్షణకు వచ్చిన ఇరవై మందిలో అందరికన్నా తెలివైన పిల్ల. నాలుగు రంగుల సిరాతో నోట్సు రాసేది. చెడ్డ మనసుతో రాసి ఉంటే చింపి పారేసి ఊరుకోవచ్చు, ఇంత కథ అక్కర్లేదు. కానీ ఆమె మంచి మనసుతో, నియమం తప్పకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. బీదవాళ్ల నెత్తిన పడే అన్యాయాల్లో సగం ఇలాంటి చక్కటి దస్తూరీలోనే పడతాయి. మొరటు మనిషి చేసిన తప్పు కనీసం కంటికి కనిపిస్తుంది.

కేంద్రం నడిపేది తులశమ్మ టీచరు. ముప్పై ఒక్కేళ్లు గ్రామసేవికగా కాలినడకన తిరిగిన మనిషి. రిటైరయ్యాక బియ్యం కొట్టు మేడ మీది రెండు గదుల్లో ఈ శిక్షణ మొదలుపెట్టింది. ఆమెకో అలవాటుంది. ఎవరింటికైనా వెళ్లొచ్చిన విద్యార్థి రిపోర్టు ముట్టుకోక ముందే, "ఏం తాగావు?" అని అడిగేది. మజ్జిగ, టీ, పంచదార నీళ్లు, ఏదో ఒకటి చెబితే తల ఊపి అప్పుడు కాగితం అందుకునేది. పిల్లలు దీన్ని ముసలామె చాదస్తం అనుకునేవారు, మెట్ల మీద ఆమె గొంతు అనుకరించి నవ్వుకునేవారు. మే నెల చివర్లో టీచరు కంటి ఆపరేషన్ కోసం మూడు వారాలు ఊళ్లో లేదు. ఆ మూడు వారాల్లో ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేకపోయారు. ఎర్ర గీత పడింది అప్పుడే.

జూన్ 18న నల్ల కళ్లద్దాలు పెట్టుకుని టీచరు తిరిగొచ్చింది. హైమవతి లేచి నిలబడి ప్రశ్న అడిగింది. "మేడమ్, సాయం చేస్తామన్నా సహకరించని వాళ్లుంటారు. వాళ్లకి సేవ చెయ్యడం ఎలా? అలాంటి చోట మన బాధ్యత ఎక్కడిదాకా?" మిగతా పందొమ్మిది మందీ పెన్నులు తీశారు. మంచి ప్రశ్న అని అందరికీ తెలిసింది. అడిగిన పిల్లకీ తెలిసింది.

"ఎవరమ్మా సహకరించనిది?" అంది టీచరు. "ఆ ఫైలు తెచ్చి పైకి చదువు. నాకింకా అక్షరాలు అలుక్కుపోతున్నాయి."

హైమవతి చదివింది. "మే 26, మొదటి సందర్శన. కుటుంబ ఆదాయం గురించి ప్రశ్న అడుగుతుండగా సంరక్షకురాలు మాట మధ్యలో లేచి బయటికి వెళ్లిపోయింది. పది నిమిషాల తర్వాత తిరిగి వచ్చింది. ఆ తర్వాత ఏ ప్రశ్నకీ సమాధానం ఇవ్వలేదు. జూన్ 2, రెండో సందర్శన. గుమ్మంలోనే నిలబడి చెప్పేదేమీ లేదంది. జూన్ 6, మూడో సందర్శన. లోపల ఉండి కూడా పలకలేదు."

"ఆ పది నిమిషాలు ఎక్కడికెళ్లింది?"

హైమవతి కాగితం తిరగేసి చూసింది. "తెలియదు మేడమ్. ఫారంలో ఆ గడి లేదు."

"బాత్రూముకి వెళ్లుంటది మేడమ్," అన్నాడు వెనక బెంచీ సాంబశివుడు.

"పది నిమిషాలా? నీకు పడుతుందేమో నాయనా," అంది టీచరు. నవ్వులు ఆగేదాకా ఉండి, హైమవతి వైపు తిరిగింది. "ఆ రోజు ఏం తాగావు?"

"నా సీసాలో నీళ్లే మేడమ్. వాళ్ల దగ్గర ఏమీ తీసుకోలేదు. ఏడో నియమం." ఆ పిల్ల గొంతులో కాస్త గర్వం కూడా ఉంది, ఉండటం న్యాయమే. గోడ మీద అట్టకు అంటించి పన్నెండు నియమాలున్నాయి. ఏడోది: 'సేవ పొందేవారి నుంచి ఏమీ స్వీకరించరాదు.' ఒకప్పుడు శిక్షణకొచ్చిన ఒక అబ్బాయి పింఛను కాగితం రాసిచ్చి గుమ్మడికాయ పట్టుకొచ్చాడు. ఇంకో మహానుభావుడు బతికున్న కోడిని సైకిలుకి వేలాడదీసుకుని వచ్చాడు. ఆ కోడి అరుపులు మేడ మీదికి వినిపించిన రోజే టీచరు తన చేత్తో ఆ నియమం రాసి అంటించింది.

టీచరు కళ్లద్దాలు తీసి గోడ వైపు చూసింది. అక్షరాలు అలుక్కుపోతున్నాయన్న మనిషి ఆ ఒక్క వరుసను చాలాసేపు చూసింది. "అది రాసింది నేనే కదూ," అని, "నీ ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు హైమా. రైల్వే గేటు అవతల ఉంది. రేపు పదింటికి బయల్దేరదాం," అంది. పిల్లలు తెరిచిన పెన్నులు మూసేశారు. రాసుకోవడానికి ఏమీ దొరకలేదు.

మృగశిర వచ్చి పది రోజులు దాటినా ఆ ఏడు వాన పడలేదు. మర్నాడు గేటు దగ్గరికి వచ్చేసరికే తారు చెప్పులకి అంటుకుంటోంది. టీచరు ఆగి, "నీ సీసా ఇలా ఇవ్వు," అంది. దాహమేసిందేమోనని హైమవతి మూత తీసి అందించింది. టీచరు మూత బిగించి, సీసాని గేటుమాన్ గది కిటికీలో పెట్టింది.

"మేడమ్, ఎండ..."

"ఎండ ఉందనే."

నేరుగా మరియమ్మ ఇంటికి పోలేదు. కాలనీ చివరున్న అంగన్‌వాడీ, అక్కణ్నించి రేషన్ డిపో, మంచాన పడ్డ ఒక ముసలాయన గుమ్మం, ఇలా ముప్పావు గంట తిప్పింది. టీచరుకి అరవై ఏడేళ్లు. చెమట కూడా తుడుచుకోకుండా నడుస్తోంది. హైమవతి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. అంగన్‌వాడీ ఆయా నీళ్లివ్వబోతే టీచరు చేత్తో వద్దంది. హైమవతికి కోపం వచ్చింది, పెద్దావిడ మీద చూపించలేక మింగింది. మింగడానికి తడి కూడా లేదు.

దాహం ఉన్నట్టు నటిస్తే ఎందుకు సరిపోదో చెప్పాలి. అది మున్సిపాలిటీలో ఊడ్చేవాళ్ల, కాలవలు తీసేవాళ్ల కాలనీ. కులం పేరు రాయను. నీళ్ల సంగతి అనగానే చదివేవాళ్లకి ఆ పేరు తెలిసిపోతుంది, మన సిగ్గు అక్కడుంది. ఆ ఏడు ఎన్నికల ముందు ఒక పెద్దమనిషి ఆ కాలనీలో సహపంక్తి భోజనం చేశాడు. అన్నం హోటల్ నుంచి వచ్చింది, నీళ్లు కంపెనీ నుంచి వచ్చాయి, కూర్చునే చాపలు కూడా జీపులోనే దిగాయి. కాలనీ నుంచి వాడుకున్నది పక్కన కూర్చోవడానికి ఇద్దరు మనుషుల్ని మాత్రమే. ఫోటోలు దిగాక జీపులు వెళ్లిపోయాయి. ఆ విస్తళ్లూ సీసాలూ తెల్లారి ఊడ్చింది మరియమ్మే. అంచేత ఆ వాడకి నటన ఏమిటో తెలుసు. తుడిచిన చేతులకి తెలియకుండా ఉంటుందా.

మరియమ్మ డ్యూటీ తెల్లారక ముందు మొదలై పదింటికి అయిపోతుంది. వాళ్లు వెళ్లేసరికి గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లేరుతోంది. లోపల కెజియా మునివేళ్ల మీద నిలబడి, అలమర అరలో పరిచిన పాత పేపరు ముక్కను కూడబలుక్కుంటూ చదువుతోంది. సగం వార్త డబ్బాల కింద ఉంది. డబ్బా జరిపి మరీ చదువుతోంది.

"మళ్లీ వచ్చారా అమ్మాయిగారూ?" అంది మరియమ్మ చేట ఆపకుండా. "ఈసారి పెద్దామెని కూడా ఏసుకొచ్చారే. నేనంత పెద్ద కేసునా?"

హైమవతి దారి పొడుగునా కూర్చుకున్న వాక్యాలన్నీ గొంతులోనే ఎండిపోయాయి. బయటికి వచ్చింది ఒకటే. "కాసిని మంచినీళ్లు ఇస్తారా?"

మరియమ్మ చేట ఆపింది. మెడ పక్కకి సాచి వాళ్ల వెనకాల సందులోకి చూసింది. "పొటోవోడు యాడ?"

"ఫోటో ఏంటండీ?"

"తాగేటప్పుడు తీస్తాడుగా, ఆయన." ఎదురింటి గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మరియమ్మ వాళ్ల కోసం గొంతు ఇంకాస్త పెంచింది. "సీసా మర్చిపోయారా అమ్మాయిగారూ? ఎప్పుడూ చంకలోనే ఉండేదే."

"మర్చిపోలేదు," అంది హైమవతి. ఏడుపొస్తున్నట్టుంది ఆ గొంతు. "మా మేడమ్ లాగేసుకున్నారు."

మరియమ్మ ఆ పిల్లని చూసింది. నల్లద్దాలతో గోడకి ఆనుకుని నిలబడ్డ ముసలామెని చూసింది. "లాగేసుకుందా? ఈమా?" నవ్వాపుకోవాలని చూసింది గానీ ఆగలేదు. ఎదురింటివాళ్లు కూడా నవ్వారు. ఈసారి కొంగులు అడ్డం పెట్టుకోలేదు. ఆ నవ్వు వినే కెజియా గ్లాసు తీసుకుని కుండ దగ్గరికి పోయింది.

"ఆగవే. ముందు దాన్ని తే," అంది మరియమ్మ.

కెజియా అలమర పై అరలోంచి లీటరు నీళ్ల సీసా ఒకటి దించింది. కంపెనీ కాగితం అలాగే ఉంది, మూత మీద సీలు అలాగే ఉంది. భుజాల మీద దుమ్ము పేరుకుంది. మరియమ్మ దాన్ని కొంగుతో తుడవలేదు. అలాగే తెచ్చి హైమవతి ముందు పెట్టింది.

"ఇది నీకు కొన్నదే. ఇరవై నాలుగు రోజులైంది. ఆ రోజు నువ్వు పెన్ను తీసి ఆదాయమెంత, ఆదాయమెంత అంటన్నావు. ఎండకి నీ మొకం కందిపోయుంది. మా కుండలోయి నువ్వు తాగవని నాకు తెలవదా? పిచ్చిదాన్నా? అందుకని లేచి గేటుకాడ కొట్టుకి పోయా. చెప్పులేసుకుంటే ఆలీసమయిద్దని ఉత్తకాళ్లతో పోయా. కంపెనీ నీళ్లు, మూత కూడా మేం తియ్యలా. తెచ్చిస్తే ఏమన్నావు? చెయ్యి అడ్డం పెట్టి, వద్దండీ, మేం ఎవరికాడా ఏమీ తీసుకోం అన్నావు. అని నీ సీసా ఎత్తి తాగావు. నా కళ్లెదురుగ్గా, గటగటా."

హైమవతి సీసా వంక చూస్తోంది. ఆ పది నిమిషాలు ఆమె ముందు నేల మీద ఉన్నాయి.

"సీలేసిన నీళ్లకే నా చెయ్యి తగలకూడదంటే, ఇంక నా పిల్లని నీ చేతిలో ఏం పెట్టను?" అంది మరియమ్మ. గొంతు తగ్గింది, ఎదురింటికి వినిపించాల్సిన మాట కాదిది. "ఇది బడెందుకు మానిందో నీ కాయితంలో ఏం రాసుకున్నావో నాకు తెలవదు. దాహమేసి బళ్లో కడవలో గ్లాసు ముంచింది. ఆ పంతులు కడవ నీళ్లన్నీ పారబోయించాడు. దీని చేతే పారబోయించాడు. ఇంటికొచ్చి మూడు రోజులు నీళ్లు తాగలా ఇది. ఇప్పుడు చెప్పు. ఆ హాస్టల్లో కడవుంటదా? దాంట్లో నా పిల్ల గ్లాసు ముంచొచ్చా? ముందది చెప్పు. ఆదాయం తర్వాత అడుగుదువు."

ఫారంలో నలభై రెండు ప్రశ్నలున్నాయి, ఇది లేదు. హైమవతి టీచరు వైపు చూసింది. టీచరు కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటోంది. తుడిచినవే మళ్లీ తుడుస్తోంది. సాయం చేసే ఉద్దేశం ఆమెకి లేదు.

"నాకు తెలియదండీ," అంది హైమవతి. "నేను చూడలేదు. చూడకుండా మీ పిల్లని పంపమన్నాను. రేపు మీరూ రండి మరియమ్మ గారూ, చూద్దాం. ముంచనివ్వకపోతే నేను కూడా పంపమనను." అని వంగి ఆ సీసా తీసుకుంది. సీలు టక్కుమని తెగింది. నీళ్లు ఆ అలమరలో అన్నాళ్లూ ఉడికి, కాగిన వాసన వేస్తున్నాయి. ఆ పిల్ల ఎత్తిన సీసా దించలేదు. గడ్డం మీంచి కారి రవిక తడిసింది.

"మెల్లిగా పాపా, పొలమారుద్ది," అంది మరియమ్మ. ఆ పిల్లని పాపా అనడం అదే మొదలు. సీసా ఖాళీ అయ్యాక, "అయ్యి వేడెక్కిపోయినయ్యి. కెజీ, ఇప్పుడు కుండలోయి తే. పెద్దామెకి కూడా," అంది. ఇద్దరూ తాగారు. టీచరు రెండు గ్లాసులు తాగింది.

మర్నాడు జూన్ 20. నలుగురూ హాస్టల్‌కి వెళ్లారు. వార్డెన్‌ని మరియమ్మ ఏమీ అడగలేదు. చెప్పే మాటలు ఎలా ఉంటాయో ఆమెకి తెలుసు, కళ్లతో చూడటానికి వచ్చింది. వరండాలో మట్టి బాన ఉంది, పైన మూత, మూత మీద ఒకే ఒక్క గ్లాసు. "పోయి తాగిరా," అంది మనవరాలితో. కెజియా పోయింది గానీ బానకి మూరెడు దూరంలో ఆగిపోయింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది. వార్డెన్ రాసుకుంటోంది. అప్పుడు వెనకాల వరసలో ఉన్న ఒక జడల పిల్ల కెజియా వీపు మీద ఒక్కటిచ్చింది. "ఏందే నిలబడ్డావు? గంట కొడతారు. ముంచుకో, లేకపోతే జరుగు." కెజియా ముంచింది. తాగింది. ఆ పిల్ల కెజియా చేతిలోంచి గ్లాసు లాక్కుని, కడగకుండా అదే గ్లాసు ముంచి తాను తాగింది. వార్డెన్ తలెత్తి కూడా చూడలేదు.

మరియమ్మ కొంగుతో మొహం తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చింది. "యాడ పెట్టాలి సంతకం?" వార్డెన్ ఇంకు ప్యాడ్ జరిపితే వెనక్కి నెట్టింది. పెన్ను అడిగి తీసుకుని, ఒక్కో అక్షరం ఆగి ఆగి, 'మరియమ్మ' అని రాసింది. రెండో అక్షరం దగ్గర ఆగితే కెజియా గుడి పెట్టమని గుర్తు చేసింది. నేర్పింది ఆ పిల్లే. సాయంత్రం నాలుగింటికి పన్నెండో పేరు మీద ఎర్ర గీత కొట్టేసి, పక్కన సీట్ల జాబితా చూసే అధికారి పొట్టి సంతకం చేశాడు.

తిరిగొచ్చాక హైమవతి ఎవరూ చెప్పకుండానే ఫైలు తెరిచింది. 'సంరక్షకురాలు సహకరించడం లేదు' అన్న మాటలు కొట్టేసింది. రంగు సిరాలు వాడలేదు. కింద ఇలా రాసింది: 'సంరక్షకురాలు ఎండలో చెప్పులు లేకుండా వెళ్లి నాకు నీళ్లు తెచ్చింది. నేను వద్దన్నాను. సహకరించనిది నేను.' చదివి వినిపించింది. టీచరు పెన్ను తీసుకుని దాని కింద, వంకరపోయిన అక్షరాలతో, 'ఏడో నియమం రాసింది నేను' అని చేర్చి, సంతకం చేసి ఇచ్చింది.

"తేదీ ఏం వేశావు?"

"ఈరోజుది మేడమ్. ఇరవై."

"ఇది దిద్దిన రోజు. తప్పు జరిగిన రోజు అడుగుతున్నాను."

హైమవతి ఫైలు వెనక్కి తిప్పింది. "గీత గీసింది తొమ్మిదో తేదీ. అది వెయ్యనా?"

"గీత ఆఖర్న పడింది," అంది తులశమ్మ టీచరు. "నువ్వు నీ సీసా ఎత్తిన రోజు వెయ్యి."

హైమవతి వేసింది. 26-5-2014, సోమవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు.